రాగి డబ్బు, ఆవిరి యంత్రము

తెలుగువారు ధనమును పిలిచే పేరు ప్రాంతమును బట్టి మారుతుంది. చౌటుప్పల్ సంతలో కూరగాయలు అమ్మే ఆమె "పైసలు" ఇమ్మంటుంది. బెజవాడలో అదే మాటకు "డబ్బులు" అంటారు. అనంతపురము, చిత్తూరు దిక్కు పోతే "దుడ్లు" అంటారు. ఈ మూడు మాటలూ ఒకప్పటి చిల్లర రాగి నాణెముల పేర్లే కావడము గమనింపదగిన సంగతి. వరహాలు, మొహరీలు, రూపాయలు ఈ నేలమీద వందల ఏండ్లు చెల్లినవి. కాని ధనమంతటికీ పేరు పెట్టవలసి వచ్చినప్పుడు జనులు ఆ బంగారు, వెండి నాణెములను తలచుకోలేదు. చేతిలో రోజూ ఆడిన రాగి బిళ్ళనే తలచుకున్నారు. కూలివాడు వరహాను ఎన్నడు చూచినాడు గనుక?

ఈ రాగి బిళ్ళల చరిత్ర చిన్న విషయముగా కనిపించినా, దేశాలు ఏలిన ప్రభుత్వములకు కూడ కొరుకుడు పడని సమస్య ఒకటి అందులో దాగి ఉన్నది. ఆ సమస్యను విప్పడానికి 18 వ శతాబ్దము చివర ఇంగ్లండులో ఒక యంత్రము పుట్టినది. ఆ యంత్రము ముద్రించిన తొలి సర్కారు నాణెములలో కొన్ని తెలుగు జిల్లాల కొరకే తయారైనవి.

చిల్లర ఎందుకు దొరకదు?

వెండి రూపాయిలో సుమారు పదకొండున్నర గ్రాముల లోహము ఉండేది. రోజు కూలి అణా, రెండణాలు ఉన్న కాలములో దానితో ఉప్పు, చింతపండు కొనడము సాధ్యము కాదు. రూపాయిని ముక్కలు చేయవలెను. వెండినే ముక్కలు చేసి అణా విలువ గల నాణెము కొట్టితే అది చింతగింజకంటె చిన్నదై వ్రేళ్ళ సందున జారిపోతుంది. అందుచేత చవుక లోహమైన రాగిని ఆశ్రయించినారు. రాగి కూడ ఖరీదైన చోట గవ్వలు చెల్లినవి. "చిల్లిగవ్వ లేదు" అని నేటికీ అనుకుంటున్నాము గదా, అది అలంకారము కాదు, ఒకప్పటి లెక్క. తెలుగు దేశపు ఉత్తరపు టెల్లకు ఆనుకొని ఉన్న ఒడిస్సాలో 19 వ శతాబ్దపు ఆరంభము వరకు గవ్వలే ముఖ్యమైన చిల్లర. కంపెనీ ప్రభుత్వము శిస్తును వెండిలోనే కట్టవలెనని పట్టుబట్టడము 1817 నాటి పాయికుల తిరుగుబాటుకు గల కారణములలో ఒకటి.

రాగి నాణెములో మరొక చిక్కు ఉన్నది. నాణెములో ముఖవిలువకు సరిపడ రాగిని పెట్టితే అది బరువెక్కుతుంది. పైగా బజారులో రాగి ధర పెరిగిన మరునాడే కంచరివారు నాణెములను కరిగించి చెంబులు చేస్తారు. పోనీ రాగిని తగ్గించి పెట్టితే, అయిదు పైసల లోహముతో పది పైసల నాణెము తయారవుతుంది గనుక దొంగనాణెగాండ్లకు పంట పండుతుంది. ఈ రెండు గోతుల నడుమ దారి చాల ఇరుకు. ఆ దారిన నడవవలెనంటే సర్కారు నాణెమును మరెవ్వరూ సులభముగా అనుకరింపలేని విధముగా, అదీ తక్కువ ఖర్చుతో తయారు చేయవలెను. సుత్తితో కొట్టే కాలములో అది కుదరలేదు.

రాజు మరచిన పని

18 వ శతాబ్దపు బ్రిటనులో ఈ ఇబ్బంది ముదిరి పాకాన పడినది. దానికి ఒక మూలము ప్రఖ్యాత శాస్త్రజ్ఞుని బల్లమీద ఉన్నది. ఐజాక్ న్యూటన్ తన జీవితపు చివరి ముప్పది ఏండ్లు లండను టంకశాలలో అధికారిగా పనిచేసినాడు. 1717 లో ఆయన నివేదిక ననుసరించి గినీ అనే బంగారు నాణెమునకు 21 షిల్లింగులని వెల కట్టినారు. ఆ వెలలో వెండికి ఉన్న గౌరవము ఐరోపాలోని ఇతర దేశములలో కంటె తక్కువ. కనుక వెండి ఇంగ్లండులో నిలువక బయటికి పోయినది. అందులో కొంత ఈస్టిండియా కంపెనీ ఓడలలో తూర్పు దేశాలకు వచ్చి, ఇక్కడి బట్టలకు, సుగంధ ద్రవ్యములకు వెలగా మారినది. మచిలీపట్నం కలంకారీ అద్దకములకు ముట్టిన వెండి కూడ ఆ కోవలోనిదే.

వెండి పోయినది. రాగి సంగతి చూడవలసినది టంకశాలవారు. వారికి రాగి మీద శ్రద్ధ లేదు. రాజముద్ర పడవలసినది బంగారము మీద, వెండి మీద అని వారి భావము. 1775 తరువాత ఇరవై రెండేండ్లపాటు ఇంగ్లండులో సర్కారు రాగి నాణెము ఒక్కటి కూడ వెలువడలేదు. సరిగా ఆ ఇరవై రెండేండ్లలోనే నూలు మరలు, ఇనుప కొలుములు, గనులు పెరిగినవి. పల్లెలో ధాన్యము రూపమున కూలి పుచ్చుకొన్నవాడు పట్నమునకు వచ్చి వారమునకొకసారి నాణెములలో జీతము అడుగుతున్నాడు. యజమాని దగ్గర నాణెములు లేవు. పదిమందికి కలిపి ఒక బంగారు నాణెమో, నోటో ఇచ్చి "మీరే మార్చుకొని పంచుకొనండి" అనేవారు. మార్చేది సారాయి దుకాణములో. అక్కడ కొంత తాగనిదే చిల్లర పుట్టదు.

ఈ ఖాళీని దొంగనాణెములు నింపినవి. 1787 లో టంకశాలవారే చెలామణిలో ఉన్న రాగి నాణెములను పోగుచేసి పరీక్షించగా, అసలు నాణెమును చాలినంతగా పోలినవి నూటికి ఎనిమిది మాత్రమే తేలినవి. మిగిలినవి పలుచని రేకులు, అరిగిన బిళ్ళలు, కల్తీ లోహములు. జీతము పుచ్చుకొన్న కూలివాని మూటలో సగము దుకాణదారు తీసుకోనివే.

కల్తీ నాణెమును పట్టే సులభమైన శాస్త్రీయ పద్ధతి ఒకటి ఉన్నది. హైస్కూలు ప్రయోగశాలలో ఎప్పుడైనా చేసి చూపవచ్చును. నాణెమును త్రాసులో తూచవలెను. తరువాత కొలజాడిలోని నీళ్ళలో వేసి నీటి మట్టము ఎంత పెరిగినదో చూడవలెను. బరువును ఆ పెరిగిన ఘనపరిమాణముతో భాగిస్తే సాంద్రత వస్తుంది. రాగి సాంద్రత ఘనసెంటీమీటరుకు 8.9 గ్రాములు. సీసము కలిపితే అది పెరుగుతుంది, ఎందుకంటే సీసపు సాంద్రత 11.3. ఇనుము కలిస్తే తగ్గుతుంది. ఒక నాణెముతో నీటి మట్టము కదిలినది కానరాదు గనుక ఒకే రకమువి పది, పదిహేను కలిపి వేయడము మంచిది. బజారులో బేరమాడే దుకాణదారునికి ఇంత తీరిక లేదు. అతడు బల్లమీద నాణెమును మోగించి, చేతితో బరువు చూచి నిర్ణయించేవాడు.

కొండ ఇచ్చిన పెన్నీ

1787 లోనే వేల్సు దేశపు వాయవ్య కొసన ఉన్న ఆంగ్లసీ ద్వీపములో ఒక గని కంపెనీ ధైర్యము చేసినది. అక్కడి పారిస్ కొండలో 1768 లో పెద్ద రాగి నిక్షేపము బయటపడినది. (పేరు ఒకటే అయినా ఫ్రాన్సు రాజధానికీ ఈ కొండకూ సంబంధము లేదు.) కొండను పైనుండి తవ్వుకుంటూ పోయి, కొన్ని ఏండ్లలో దానిని ఐరోపాలోనే పేరుపడిన రాగి గనిగా చేసినారు. దాని వ్యవహారములు నడిపిన థామస్ విలియమ్స్ వృత్తిచేత న్యాయవాది. ఆయన చేతిలో కావలసినంత రాగి ఉన్నది. ఆయన గనిలో జీతములకు కావలసిన చిల్లర లేదు. రాగి ఉండి రాగి నాణెము లేకపోవడమేమని తన కంపెనీ పేరనే పెన్నీలు కొట్టించినాడు. ఒక వైపు ముసుగు వేసుకొన్న ప్రాచీన పురోహితుని తల, చుట్టూ ఓకు ఆకుల దండ. రెండవ వైపు కంపెనీ పేరులోని పొడి అక్షరములు. ఈ బిళ్ళను తెచ్చినవారికి లండనులో గాని, లివర్‌పూలులో గాని, ఆంగ్లసీలో గాని ఒక పెన్నీ చెల్లిస్తామన్న వాగ్దానము చుట్టూ చెక్కి ఉన్నది. బరువు సుమారు ఒక ఔన్సు, అనగా 28 గ్రాములు.

ఇందులో కీలకమైనది ఆ వాగ్దానము. రాజు బొమ్మ లేదు, రాజాజ్ఞ లేదు. దుకాణదారు దానిని తీసుకోవలెనన్న చట్టమూ లేదు. అయినా తీసుకొన్నాడు. ఎందుకనగా దానిలో రాగి నిండుగా ఉన్నది, ఇచ్చినవాని చిరునామా ఉన్నది, మార్చుకొనే చోటు ఉన్నది. రాజు బొమ్మ గల దొంగ అర్ధపెన్నీలో ఈ మూడూ లేవు. త్వరలోనే జాన్ విల్కిన్సన్ అనే ఇనుప కర్మాగారముల యజమాని తన సొంత ముఖమునే బిళ్ళమీద వేయించినాడు. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రమునకు కావలసిన పెద్ద స్తంభకములను లోపల గుండ్రముగా, నునుపుగా తొలిచి ఇచ్చినది ఈయనే. రాజులకు మాత్రమే తగినదనుకొన్న చోట ఒక కమ్మరి ముఖము కనిపించేసరికి పత్రికలవారు ఎగతాళి చేసినారు. బిళ్ళ మాత్రము చెల్లినది.

తరువాతి పదేండ్లలో నేతగాండ్లు, టీ వర్తకులు, పుస్తకాల దుకాణములవారు, పట్టణ సంఘములవారు వేలకొలది రకముల బిళ్ళలు విడుదల చేసినారు. అన్నీ మంచివి కావు. బరువు తగ్గించినవారున్నారు. ఎవరి పేరూ లేకుండా, ఎక్కడ మార్చుకోవలెనో చెప్పకుండా కొట్టి పంచినవారున్నారు. ఊరు దాటితే చెల్లనివి అనేకము. కొందరు యజమానులు తమ బిళ్ళలు తమ సొంత దుకాణములోనే చెల్లేటట్లు చేసి, అక్కడ సరుకుల ధర పెంచి, ఇచ్చిన కూలిని మరల లాగుకొన్నారు. ఇట్టి పద్ధతిని నిషేధించి, కూలిని నాణెములలోనే ఇవ్వవలెనని గట్టి చట్టము రావడానికి 1831 దాకా పట్టినది.

సోహో మర

బర్మింగ్‌హామ్ దగ్గర సోహో అనే చోట మాథ్యూ బౌల్టన్ బొత్తాములు, వెండి సామానులు, గిలిటు వస్తువులు చేయించేవాడు. 1775 నుండి జేమ్స్ వాట్‌తో కలిసి ఆవిరి యంత్రముల వ్యాపారము చేసినాడు. కార్న్‌వాల్ రాగి గనులలో నీళ్ళు తోడడానికి ఆ యంత్రములు వెళ్ళినవి. గనులలో ఆయనకు వాటాలు కూడ ఉన్నవి. కనుక రాగి అమ్ముడు పోవడము ఆయనకు రెండు విధాల అవసరము. దొంగనాణెములను చూచి ఆయనకు రోత కలిగిన మాట నిజమే. రాగికి మంచి గిరాకి దొరుకుతుందన్న ఆశ కూడ అంతే నిజము.

1788 లో బౌల్టన్ సోహోలో టంకశాల కట్టి, నాణెములు కొట్టే మరలకు ఆవిరి శక్తిని జోడించినాడు. 1790 లో దానికి పేటెంటు పొందినాడు. పని జరిగే తీరు ఇది. మొదట రాగి దిమ్మెలను ఎర్రగా కాచి, రోలర్ల నడుమ పంపి, కావలసిన మందము గల రేకు చేస్తారు. మందములో తేడా వస్తే బరువులో తేడా వస్తుంది గనుక చివరి సారి చల్లని రేకును నునుపైన ఉక్కు రోలర్లతో సరిచేస్తారు. రేకునుండి గుండ్రని బిళ్ళలు కత్తిరిస్తారు. రాగిని ఒత్తినకొద్దీ అది గట్టిపడుతుంది. లోపలి స్ఫటికములు నలిగి ఒకదానిపై ఒకటి జారలేని స్థితికి వస్తాయి. అట్టి బిళ్ళమీద అచ్చు లోతుగా పడదు, అచ్చే పగులుతుంది. అందుచేత బిళ్ళలను మరల కాచి మెత్తపరచి, పలుచని ఆమ్లములో కడిగి మసి వదిలిస్తారు.

తరువాత ముద్రణ. మర నడుమ ఒక బలమైన మర బోల్టు నిలువుగా ఉంటుంది. దాని కొసకు పై అచ్చు, దిగువ దిమ్మెకు కింది అచ్చు బిగించి ఉంటాయి. పాత పద్ధతిలో దాని చేతులను నలుగురైదుగురు బలశాలులు తాళ్ళతో లాగి త్రిప్పేవారు. వారు అలసిన కొద్దీ దెబ్బ మెత్తబడి ముద్రలో తేడా వచ్చేది. సోహోలో ఎనిమిది మరలను వలయముగా నిలిపి, వాటిపై ఒక పెద్ద చక్రమును ఆవిరి యంత్రముతో త్రిప్పేవారు. ఆ చక్రము వరుసగా ఒక్కొక్క మరను తాకి దెబ్బ వేయించేది. బిళ్ళను అచ్చుల నడుమకు నెట్టడము, కొట్టిన దానిని బయటకు తోయడము కూడ మరయే చేసేది. పన్నెండేండ్ల పిల్లవాడు దగ్గర నిలిచి చూచుకుంటే చాలును. ఒక్కొక్క మర నిముషమునకు యాభైకి పైగా నాణెములు కొట్టేది.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒక ఉక్కు కంకణము. దెబ్బ పడినప్పుడు రాగి పక్కలకు పారుతుంది. పారే రాగిని ఆ కంకణము అడ్డగించి తన కొలతకు కుదురుస్తుంది. దానివలన నాణెములన్నిటికీ ఒకే వ్యాసము, నిటారైన అంచు వచ్చినవి. ఒక దొంతరగా పేర్చితే పది నాణెముల ఎత్తు మరి ఏ పదింటి ఎత్తుతోనైనా సమానము. సుత్తితో కొట్టే దొంగనాణెగానికి ఇది అందని పని. తక్కువ బరువుతో చేస్తే పలుచనై పట్టుబడుతుంది. వ్యాసము తగ్గిస్తే పక్కన పెట్టగానే తెలుస్తుంది. బౌల్టన్ మొదట విల్కిన్సన్ వంటి వర్తకుల బిళ్ళలను కొట్టి తన మరల సత్తా లోకానికి చూపినాడు. కాని ఇంగ్లండు ప్రభుత్వము ఏండ్ల తరబడి కదలలేదు.

రూపాయికి నలభై ఎనిమిది

కదిలినది ఈస్టిండియా కంపెనీ. శ్రీకాకుళము నుండి గుంటూరు దాకా ఉన్న ఉత్తర సర్కారులు 1765 నాటి ఫర్మానాతోను, నిజాముతో తరువాత జరిగిన ఒడంబడికలతోను కంపెనీ వశమైనవి. గుంటూరు 1788 లో చేరినది. మచిలీపట్నం టంకశాలలో కంపెనీ డబ్బులు కొట్టించేది. అవి మందముగా, వంకరటింకరగా ఉండి, అచ్చు సగము పడి సగము పడక ఉండేవి. ఊరి ఊరికి డబ్బు బరువు వేరు. ఎన్ని డబ్బులకు రూపాయి అన్నది రోజుకొక తీరు. రైతు ధాన్యమమ్మి డబ్బులు తెచ్చుకుంటాడు. శిస్తు రూపాయలలో కట్టవలెను. నడుమ షరాబు కూర్చొని వట్టము తీసుకుంటాడు. శిస్తు గడువు దగ్గరపడిన కొద్దీ వెండి ప్రియమై వట్టము పెరుగుతుంది. సిపాయికి జీతము వెండిలో ఇస్తే బజారులో మార్చుకొనేటప్పుడు వట్టము, రాగిలో ఇస్తే మోత.

మోత అనగా ఎంత? 1794 సంవత్సరపు ముద్రతో సోహోలో ఉత్తర సర్కారుల కొరకు కొట్టిన పెద్ద నాణెము బరువు సుమారు 13 గ్రాములు. అట్టివి 48 కలిస్తే రూపాయి. అనగా రూపాయికి 624 గ్రాముల రాగి. వంద రూపాయల శిస్తును రాగిలో కట్టవలసి వస్తే 62 కిలోల పైమాట, ఒక ఎద్దు మీద గోనె. వెండిలో అయితే అదే వంద రూపాయలు కిలో నూటయాభై గ్రాములు.

ఈ నాణెము 1794 లోను, మరల 1797 లోను రెండు పరిమాణములలో వచ్చినది. పెద్దది రూపాయిలో 48 వ వంతు, చిన్నది 96 వ వంతు. కంపెనీ వారి సరుకు మూటలపై వేసే హృదయాకారపు గుర్తు ఒక వైపు, సింహములతో కూడిన కంపెనీ చిహ్నము మరొక వైపు ఉన్నవి. "రూపాయికి 48" అన్న మాట ఇంగ్లీషులో, రాజు పార్లమెంటుల ఆజ్ఞ అన్న మాట లాటినులో ఉన్నవి. అంచు చుట్టూ కూడ అక్షరములు చెక్కినారు. అంచును గీరి రాగి దొంగిలించేవారికి అది అడ్డు. తెలుగు అక్షరము మాత్రము ఒక్కటి లేదు. ఎవరి చేతులలో తిరగవలెనో వారి భాష ఆ నాణెమునకు తెలియదు. ఈ లోపము తరువాత కొంత తీరినది. 1807 ప్రాంతమున మద్రాసు టంకశాలలో కొట్టిన డబ్బులపై తెలుగు, అరవ అక్షరములు కనిపిస్తాయి.

48 అన్న అంకెను సోహోవారు కల్పించలేదు. రూపాయికి పదహారు అణాలు, అణాకు మూడు డబ్బులు అన్నది సర్కారుల లెక్క. మద్రాసులో లెక్క వేరు విధముగా ఉండేది. వరహాకు 42 పణములు, పణమునకు 80 కాసులు. వరహాకు మూడున్నర రూపాయలు గనుక రూపాయికి 12 పణములు, 960 కాసులు. 960 ని 48 చేత భాగిస్తే 20. సోహోలోనే 1803 లోను, 1808 లోను మద్రాసు రాజధాని కొరకు కొట్టిన 20 కాసుల నాణెము ఈ డబ్బే. లెక్క రెండు దారుల వచ్చి ఒక్క చోటనే కలిసినది. ఆనాటి దొరల పుస్తకములలో డబ్బుకు, దుడ్డుకు 20 కాసులనే విలువ వ్రాసి ఉన్నది.

ఇంగ్లండు ప్రభుత్వము బౌల్టన్‌కు సొంత దేశపు రాగి నాణెముల పని అప్పగించినది 1797 జూనులో. అనగా మచిలీపట్నం బజారు కొరకు ఆవిరి మర మీద సర్కారు డబ్బు తయారైన మూడేండ్లకు గాని లండను బజారుకు ఆ యోగము పట్టలేదు. దీనిని కంపెనీ దయగా భావింపనక్కరలేదు. ఇంగ్లండులో అమ్ముడుపోని రాగిని నాణెముల రూపమున ఓడకెక్కించి, ఇక్కడ జీతములుగా పంచడము దానికి లాభసాటి బేరము. కాని పని మంచిది. నాణెము బరువును అనుమానింపవలసిన అవసరము లేనప్పుడు షరాబు చేతిలోని ఒక ఆయుధము పోతుంది.

1808 నాటి కాసులలో అన్నీ మద్రాసు చేరలేదు. వాటిని మోసుకొని బయలుదేరిన అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరమునే దాటకముందే గాలివానకు గుడ్విన్ ఇసుకదిబ్బలలో మునిగినది. 1980 ల దశకములో గజ ఈతగాండ్లు లక్షలకొలది నాణెములను పైకి తీసినారు. పీపాలలో గట్టిగా బిగించి ఉన్న వాటిలో కొన్ని నిన్న కొట్టినట్లు మెరిసినవట. తెలుగు, తమిళ జిల్లాలలోని ఉప్పు కొట్లలో అరగవలసిన కాసులు నేడు ఐరోపాలోని నాణెముల వర్తకుల దగ్గర అమ్మకానికి ఉన్నవి.

బౌల్టన్ 1797 లో కొట్టిన బ్రిటిష్ పెన్నీ సరిగా ఒక ఔన్సు తూగేది. దుకాణదారులు దానిని తూకపు రాయిగా కూడ వాడినారు. కాని పైన చెప్పిన రెండు గోతులలో మొదటిది ఎదురైనది. యుద్ధముల వలన రాగి ధర పెరగగా ఆ నిండు పెన్నీలను కరిగించడము లాభమైనది. తరువాతి విడతలలో బరువు తగ్గించవలసి వచ్చినది. 1811 నాటికి చిల్లర కరవు మరల వచ్చి వర్తకుల బిళ్ళలు మరొకసారి తల ఎత్తినవి. 1817 లో చట్టము చేసి వాటిని ఆపినారు. ఆ నాటికి లండను టంకశాలయే కొత్త భవనములో బౌల్టన్ మరలు పెట్టుకొన్నది.

గద్వాల, నారాయణపేట, హైదరాబాదు

నిజాం రాజ్యములో సుత్తి కాలము ఇంకను నూరేండ్లు సాగినది. ఇప్పటి పాలమూరు ప్రాంతములోనే గద్వాల, వనపర్తి, నారాయణపేట నాణెములు వేర్వేరుగా ఉండేవి. సంస్థానాధీశులు, సాహుకార్లు టంకశాలలు నడిపేవారు. బ్రిటనులోని వర్తకుని బిళ్ళకూ వీటికీ ఒక తేడా ఉన్నది. అక్కడ ఇచ్చినవాడు తన పేరు చెక్కి, మార్చి ఇస్తానని ఒప్పుకొన్నాడు. ఇక్కడ ఢిల్లీ బాదుషా పేరు చెక్కి, అసలు కొట్టించినవాడు ఒక చిన్న గుర్తు వెనుక దాగినాడు. నాణెము బరువు తగ్గితే అడగవలసినది ఎవరిని? కనుక పక్క తాలూకాకు పోతే వట్టము తప్పేది కాదు. నిజాం డబ్బు సంగతి చెప్పనక్కరలేదు. రాగి కడ్డీని ముక్కలుగా నరికి, అచ్చుల నడుమ పెట్టి కొట్టినది. గుండ్రముగా లేదు, చదరముగా లేదు. అచ్చు బిళ్ళకంటె పెద్దది గనుక ఏ ఒక్క దానిమీదను పూర్తి అక్షరములు ఉండవు.

1853 లో దివాను అయిన మొదటి సాలార్ జంగ్ ఈ చెల్లాచెదురు టంకశాలలను మూయించి ముద్రణను హైదరాబాదుకు తెచ్చినాడు. 1857 నాటి తిరుగుబాటు తరువాత బాదుషా పేరు పోయి ఆసఫ్‌జాహీ పేరు వచ్చినది. ఇదే హాలీ సిక్కా. 20 వ శతాబ్దపు ఆరంభమున సైఫాబాదులో యంత్రములతో కూడిన టంకశాల పని ప్రారంభించి, చార్మినారు బొమ్మ గల నాణెములు వెలువరించినది. చార్మినారు ద్వారములో పాలించే నవాబు పేరులోని మొదటి అక్షరము కనిపిస్తుంది. సర్కారుల రైతు 18 వ శతాబ్దము చివర చూచిన గుండ్రని, నిటారు అంచు గల రాగి నాణెము తెలంగాణ రైతు చేతికి అప్పటికి గాని రాలేదు. ఆ సైఫాబాదు భవనములో 2022 నుండి నాణెముల ప్రదర్శనశాల ఉన్నది. ముద్రణ 1997 లోనే చర్లపల్లికి మారినది. విద్యార్థులను తీసుకొనిపోయేవారు పాత డబ్బును, చార్మినారు నాణెమును పక్కపక్కన చూపితే సగము పాఠము చెప్పకనే తెలుస్తుంది.

మరలు వచ్చినా వట్టము పోలేదు. ఏడు హాలీ రూపాయలకు ఆరు బ్రిటిష్ రూపాయలన్నది లెక్క. హైదరాబాదు నుండి చౌటుప్పల్ మీదుగా బెజవాడకు పోయే బాటలో సూర్యాపేట దాటగానే మునగాల పరగణా వచ్చేది. చుట్టూ నిజాం రాజ్యము, నడుమ ఆ పరగణా మాత్రము కృష్ణా జిల్లాది. అక్కడ సర్కారు లెక్క బ్రిటిష్ రూపాయలలో. ఏడును ఆరుతో భాగిస్తే చిల్లర చక్కగా తెగదు. తెగని భాగము ఎప్పుడూ మార్చేవాని పెట్టెలోనే పడేది. 1951 లో హాలీ సిక్కా ముద్రణ ఆగి, 1959 లో అది పూర్తిగా రద్దయినది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలములో రాగి ఆయుధములకు పోయి, దేశమంతటా మరల చిల్లర కరవు వచ్చినది. 1943 నుండి నడుమ రంధ్రము గల పైసను ముద్రించినారు. రంధ్రము అందము కొరకు కాదు, రాగి పొదుపు కొరకు. హైదరాబాదు టంకశాల కూడ రంధ్రము గల రెండు పైల నాణెము తెచ్చినది. గుజరాతు దిక్కున మోర్వి, జునాగఢ్ వంటి సంస్థానములు పైస విలువ గల అట్టముక్కలు అచ్చువేసి పంచినవి.

డబ్బు అన్న నాణెమునకు అసలు దెబ్బ అంతకు ముందే తగిలినది. 1835 లో కంపెనీ రాజ్యమంతటికీ ఒకే రూపాయి, దానికి 64 పైసలు, 192 పైలు అన్న లెక్క వచ్చినది. అణాకు మూడు డబ్బులన్న లెక్కకు సరిపడే నాణెము ఆ వరుసలో లేదు. నాలుగు పైలు కలిపి డబ్బు అనుకుంటూ కోస్తాలో కొంతకాలము నోటిలెక్క సాగినది. 1957 ఏప్రిల్ 1 న దశాంశ పద్ధతి వచ్చి రూపాయికి వంద నయాపైసలైనప్పుడు ఆ లెక్కకు కూడ చోటు లేకపోయినది. వందను మూడుతో గాని, పదహారుతో గాని భాగిస్తే పూర్ణసంఖ్య రాదు. అణాకు ఆరుంబావు నయాపైసలని పట్టికలు వేసి దుకాణములలో వ్రేలాడదీసినారు.

చట్టము ఆపినా బిళ్ళల పద్ధతి ఏదో ఒక రూపమున కనిపిస్తూనే ఉన్నది. ఆర్టీసీ బస్సులో కండక్టరు చిల్లర లేక టిక్కెట్టు వెనుక "12" అని వ్రాసి సంతకము గీసి ఇవ్వడము తెలుగువారందరికీ పరిచయమే. అది ఆంగ్లసీ పెన్నీ వంటి వాగ్దానమే. ఇచ్చినవాడు తెలుసు, మొత్తము తెలుసు, మార్చుకొనే చోటు ఒక్కటే, అదీ దిగేలోపల. దుకాణములలో రూపాయికి బదులు చాక్లెట్టు చేతిలో పెట్టడము మరొక రకము. అందులో వాగ్దానము కూడ లేదు, ఎందుకనగా ఆ చాక్లెట్టును అదే దుకాణములో రూపాయిగా తిరిగి ఇస్తే తీసుకోరు.